పాత మెటల్ డిటెక్టర్ కొన్నాను, దాని భాష నేర్చుకోవాలి

కాకరపాదు (నార్విచ్, ఇంగ్లండు)
మార్చి 2

అందరికీ నమస్కారం. కరివేపాకు మొక్కను చలికాలం దాటించడం ఈ వేదికలోనే నేర్చుకున్నాను. ఆ చనువుతో ఈసారి వేరే సంగతి అడుగుతున్నాను.

నిన్న ఒక పాత మెటల్ డిటెక్టర్ కొన్నాను. గారెట్ ఏస్ 250. మా వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే నలభై పౌండ్లకు వచ్చింది. కొన్నేళ్ళుగా అటక మీదే పడి ఉందట. పసుపు పెట్టె, నేల మీద ఆడించే నల్ల కాయిల్ (తీగచుట్ట), మోచేతికి ఆనుకునే పట్టు. వాడకం చెప్పే పుస్తకం మాత్రం లేదు.

నేను వెతకాల్సింది ఒక్కటే వస్తువు. కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చే కూరగాయల మడి ఒకటి మాకుంది. నిరుడు ఆగస్టులో బంగాళాదుంపలు తవ్వి ఇంటికి వచ్చి చూసుకుంటే ఎడమ కాలి మెట్టె లేదు. అవి నా పెళ్ళికి మా మేనమామ చేయించినవి. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ సాయంత్రమే వెనక్కి వెళ్ళి చీకటి పడేదాకా మట్టి చేత్తో జల్లించాను. దొరకలేదు. ఏప్రిల్‌లో మళ్ళీ దుంపలు నాటాలి. నేల తిరగేసేలోపు ఇంకోసారి వెతకాలని ఈ యంత్రం కొన్నాను.

ఇబ్బంది ఏమిటంటే, మీట నొక్కగానే అది ఆపకుండా కూస్తోంది. హాల్లో నేల మీద ఏమీ లేకపోయినా కూస్తోంది, గాలిలోకి ఎత్తినా కూస్తోంది. పాడైన సరుకు కొన్నానా, నాకు వాడటం తెలియదా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎర్రనేల (బెండిగో, ఆస్ట్రేలియా)
మార్చి 2

పాడైందని అప్పుడే అనుకోకండి. ముందు దాన్ని ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళండి. గచ్చు కింద ఇనుప చువ్వలు, గోడల్లో కరెంటు తీగలు, ఎల్‌ఈడీ దీపాలు, వైఫై డబ్బా, జేబులో ఫోను, ఇవన్నీ దాని చెవిలో ఒకేసారి మాట్లాడుతుంటాయి. ఇంట్లో ఏ డిటెక్టరూ నిమ్మళంగా ఉండదు.

బయటికి వెళ్ళాక ఒక్కొక్కటే చూడండి. బ్యాటరీలు మొత్తం నాలుగూ కొత్తవి వేయండి. వేసేముందు లోపలి రేకుల మీద తెల్లటి పొక్కు కట్టిందేమో చూడండి. అటక మీద పెట్టిన యంత్రాల్లో బ్యాటరీలు కారిపోవడం మామూలే. కాయిల్ నుంచి పెట్టెకు వచ్చే తీగ కడ్డీకి బిగువుగా చుట్టుకుని ఉండాలి. వదులుగా ఊగితే ఆ ఊపునే లోహం అనుకుని కూస్తుంది. పెట్టె వెనక తీగ బిగించే మర చేత్తో తిప్పి చూడండి. కాయిల్‌కు ప్లాస్టిక్ తొడుగు ఉంటే ఊడదీసి కడగండి, అందులో చేరిన తడి మట్టి కూడా అరిపిస్తుంది.

నాది గట్టి ఇనుపరాయి నేల. ఇక్కడ బంగారం వెతికేవాళ్ళం వాడే యంత్రాలు వేరు, కానీ ఈ నాలుగు పనులూ ఏ యంత్రానికైనా ఒకటే. నేను కూడా మొదటి యంత్రం పాతదే కొన్నాను. పాతది కొనడంలో ఒక మేలుంది: అన్నీ విప్పి చూసుకుంటాం కాబట్టి ఏ భాగం ఏం చేస్తుందో మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

పాత సాపర్ (సికింద్రాబాదు)
మార్చి 3

అమ్మా, నేను సైన్యంలో ఇంజనీరు దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మందుపాతరలు వెతకడం మా పని. మేము చేసినది మీ పనికంటే చాలా పెద్ద ప్రమాదంతో కూడింది, కానీ చెయ్యి ఆడించే పద్ధతి ఒకటే. అది చెబుతాను.

కాయిల్ నేలకు రెండు వేళ్ళ ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉండాలి. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు, ఊపు చివరికి వచ్చేసరికి కాయిల్‌ను పైకి లేపడం. లేచిన చోట కింద ఉన్నది వినపడదు. ఇంకొకటి, మీ దాని కాయిల్ కింద పరుచుకునే క్షేత్రం గిన్నె ఆకారంలో ఉంటుంది. పైన వెడల్పు, లోతుకు పోయేకొద్దీ సన్నం. కాబట్టి ఒక ఊపుకీ ఇంకో ఊపుకీ మధ్య ఖాళీ వదిలితే లోతులో ఉన్నవన్నీ తప్పిపోతాయి.

మా అమ్మ వాకిలి అలికేటప్పుడు చూసేవాణ్ణి. చెయ్యి తిరిగిన ప్రతి వంపూ ముందటి వంపును సగం కప్పేది. ఎక్కడా పొడి నేల కనపడేది కాదు. మీరు అలాగే మడిని అలకండి. మడికి నాలుగు మూలలా పుల్లలు పాతి, పురికొస కట్టి, వరుసలుగా విడదీసుకోండి. ఒక వరుస పూర్తయ్యాకే ఇంకో వరుస. అయిపోయాక అదే మడిని అడ్డంగా మళ్ళీ అలకండి. నిలువుగా నిలబడి ఉన్న నాణెం ఒక దిక్కున పలకదు, రెండో దిక్కున పలుకుతుంది.

1942లో ఎల్ అలమైన్ ఎడారిలో సైనికులు మొదటిసారి పెద్ద ఎత్తున వాడిన డిటెక్టర్ పోలండుకు చెందిన కొసాకీ అనే అధికారి తయారుచేసింది. అప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లే. మీరూ పెట్టుకోండి. సన్నని పలుకులు గాలిలో కలిసిపోకుండా చెవిలో పడతాయి.

కాకరపాదు
మార్చి 4

ఎర్రనేల గారూ, మీరు చెప్పినవన్నీ ఉన్నాయి! బ్యాటరీ అర తెరిస్తే రెండు స్ప్రింగుల మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంది. పాత టూత్‌బ్రష్‌తో వెనిగరు అద్ది రుద్ది, తుడిచి, ఆరబెట్టాను. తీగ కడ్డీకి ఒక్క చుట్టే ఉంది, మిగతాదంతా వేలాడుతోంది. మొత్తం విప్పి కింది నుంచి పైదాకా బిగువుగా చుట్టి రెండు చోట్ల కట్టాను. కాయిల్ తొడుగు తీస్తే లోపల ఎండిన బురద పెచ్చులుగా రాలింది. తయారీలో లోపమేమీ లేదు, ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదంతే.

పెరట్లో పెడితే అరుపు ఆగింది. సున్నితత్వం మొత్తం ఎనిమిది గీతలుంటే, ఎనిమిది పెట్టినప్పుడు పక్కింటి కంచె దగ్గర ఇంకా చిటపటలు వస్తున్నాయి. ఐదుకు దించితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వింటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాపర్ గారూ, అలకడం అన్న ఒక్క మాటతో నా భుజం సర్దుకుంది. మా అమ్మమ్మ ఇంట్లో నేనూ అలికాను.

పెన్నాతీరం (అనంతపురం)
మార్చి 4

అక్కా, మంచి చర్చ. నాదీ ఒక సందేహం. ఇలాంటిది కొంటే మా వైపు పాత కోటల్లో లంకెబిందెలు కనిపెట్టవచ్చా? తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి వైపు జనం వజ్రాలు ఏరడానికి పొలాల్లో తిరుగుతుంటారు. అక్కడ పనికొస్తుందా?

చిల్లర పెట్టె (హైదరాబాదు)
మార్చి 4

తమ్ముడూ, వజ్రం లోహం కాదు. దాని మీద రోజంతా తిప్పినా యంత్రం పలకదు. వజ్రకరూరు పొలాల్లో వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి, అక్కడ పనిచేసేది కళ్ళే.

లంకెబిందెల మాట మాత్రం మనసులోంచి తీసెయ్యి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచుకుంటే శిక్ష. పాత గుళ్ళు, కోటల దగ్గర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట తవ్వడమే నేరం. గుప్తనిధుల పేరుతో గర్భగుడి పీఠాలు పగలగొట్టినవాళ్ళ వార్తలు చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. నేను ముప్ఫై ఏళ్ళుగా నాణేలు సేకరిస్తున్నాను. ఎక్కడ, ఏ లోతులో, వేటితో కలిసి దొరికిందో తెలియని నాణెం సగం మూగది. ఆ బిందెలో డబ్బు ఉండవచ్చు, కానీ ఆ రాయి కింద ఉన్న చరిత్ర ఒకసారి చెదిరితే మళ్ళీ కూడదు.

పెన్నాతీరం
మార్చి 5

అర్థమైంది అన్నా. నిజంగా తెలియక అడిగాను. ఈ చట్టం మా ఊళ్ళో కూడా చాలామందికి తెలియదు, చెబుతాను.

ఉప్పాడ అల (కాకినాడ)
మార్చి 5

మా ఉప్పాడలో 2020 నవంబరు తుఫాను తర్వాత ఒడ్డున బంగారు పూసలు, ముక్కలు దొరికాయని జనం విరగబడి వచ్చారు. సముద్రం ఇళ్ళను, గుళ్ళను కోసుకుపోతూ ఉంటుంది, అలా కలిసినవి కావచ్చంటారు. అందరూ దువ్వెనలతో, చేతులతో ఇసుక గీసుకుంటూ వెతికారు. అలాంటి చోట ఈ యంత్రం పనిచేస్తుందా?

తూరుపు గాలి (న్యూజెర్సీ, అమెరికా)
మార్చి 5

పొడి ఇసుకలో పనిచేస్తుంది. అల తడిపిన ఇసుకలో ఏస్ 250 లాంటిది తికమకపడుతుంది. ఉప్పునీరు విద్యుత్తును మోస్తుంది కాబట్టి ఆ ఇసుక మొత్తాన్నీ లోహం అనుకుంటుంది. సున్నితత్వం బాగా తగ్గిస్తే కొంచెం నయం. ఇక్కడి సముద్ర తీరాల్లో తరచూ వెతికేవాళ్ళు ఒకేసారి పలు పౌనఃపున్యాలు పంపే యంత్రాలు వాడతారు. ఇంకొక మాట, కాయిల్ నీళ్ళలో ముంచవచ్చు గాని పైపెట్టె తడవకూడదు.

తీగచుట్ట (వరంగల్)
మార్చి 6

భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఈ చర్చ నాలుగు రోజులుగా చదువుతున్నాను. కాకరపాదు గారూ, మీరు మడిలోకి వెళ్ళేముందు ఒక వారం ఇంటి పెరట్లో పాఠం చదువుకోవాలి. యంత్రం చెప్పేది పేర్లు కాదు, అది మెట్టె అనదు, మేకు అనదు. లోహంలో విద్యుత్తు ఎంత సులువుగా తిరిగిందో చెబుతుంది, అంతే.

జరిగేది ఇది. కాయిల్‌లో విద్యుత్తు సెకనుకు 6,500 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. దారిలో లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి ప్రవాహాలు లేస్తాయి, నీళ్ళలో చెయ్యి కదిపితే సుడులు లేచినట్టు. ఆ సుడులు తమ వంతుగా ఒక బలహీనమైన క్షేత్రాన్ని తిరిగి పంపుతాయి. రెండో తీగచుట్ట దాన్ని వింటుంది. వెండిలో, రాగిలో ఈ సుడులు బాగా నిలుస్తాయి, జవాబు ఆలస్యంగా వస్తుంది. పల్చటి రేకులో చప్పున ఆరిపోతాయి. ఆ ఆలస్యాన్ని కొలిచి మీ యంత్రం తెర మీద పన్నెండు గడుల్లో ఎక్కడో ఒకచోట గీత చూపుతుంది. ఎడమ చివర ఇనుము, కుడి చివర మందపాటి వెండి. శబ్దాలు మూడు: ఇనుముకు బొంగురు గొంతు, మధ్యవాటికి మామూలు గొంతు, పైవాటికి గంట మోగినట్టు.

రెండు ప్రయోగాలు చేయండి. మొదటిది పెన్నీలతో. 1992కు ముందువి కంచువి, తర్వాతివి రాగి పూసిన ఉక్కువి. రెండూ ఒకే రంగు, ఒకే వెడల్పు. అయస్కాంతం పెట్టి వేరు చేసి, కాయిల్ ముందు ఒక్కొక్కటి ఆడించి వినండి. రెండోది, పూత లేని రాగి తీగను వేలికి చుట్టి ఉంగరంలా చేసి, కొసలు గట్టిగా మెలిపెట్టి వినండి. తర్వాత మెలి విప్పి, కొసలు విడదీసి వినండి. రాగి అదే, బరువు అదే. ఏమి తేడా విన్నారో నాకు రాయండి.

కాకరపాదు
మార్చి 8

మాస్టారూ, పెన్నీల ప్రయోగం మా అబ్బాయి చేశాడు. 1988 పెన్నీకి గంట మోగింది. 2005 పెన్నీకి ఒకసారి బొంగురుగా, ఒకసారి పైస్థాయిలో, మాట నిలకడ లేకుండా పలికింది. కళ్ళకు అచ్చం ఒకేలా ఉన్న రెండు నాణేలు చెవికి ఇంత వేరుగా ఉంటాయని అనుకోలేదు.

రాగి ఉంగరం మెలి పెట్టినప్పుడు గంట. విప్పితే దాదాపు ఏమీ లేదు. కాయిల్‌కు ఆనించినంత దగ్గరగా పెడితే చిన్న కూత. ఎందుకలా?

తర్వాత కుడి కాలి మెట్టె తీసి పెట్టాను. అది జతలో మిగిలిన మెట్టె. తొమ్మిదో గడిలో స్పష్టంగా గంట. దానికి ఎర్ర దారం కట్టి, దారం చివర పుల్లకు కట్టి, పుల్ల పైకి ఉండేలా బెత్తెడు లోతులో పాతిపెట్టి మళ్ళీ విన్నాను. రెండోదీ పోతే తట్టుకోలేను, అందుకే దారం. మట్టిలో కూడా గంటే, కొంచెం సన్నంగా. అది వింటుంటే కళ్ళు చెమర్చాయి. ఎడమ కాలిదీ ఇలాగే పిలుస్తుంది కదా అనిపించింది.

తీగచుట్ట
మార్చి 8

ఎందుకంటే సుడి తిరగడానికి చుట్టూ దారి కావాలి. ఉంగరం మూసి ఉంటే ప్రవాహం మొత్తం చుట్టూ పరిగెత్తుతుంది. తెగితే ఆ దారి తెగింది. ఇక తీగ మందంలోనే చిన్న చిన్న సుడులు తిరగాలి. ఇదే కారణంగా సన్నటి గొలుసులు, పట్టీలు డిటెక్టర్లకు బాగా దొరకవు. గొలుసు పొడవు ఎంతైనా యంత్రం వినేది ఒక్కో లింకును విడిగా.

తూరుపు గాలి
మార్చి 9

కౌన్సిల్ స్థలం అన్నారు కదా. అనుమతి తీసుకున్నారా? ఇంగ్లండులో ఏదైనా పాతది దొరికితే ఏం చేయాలి?

కాకరపాదు
మార్చి 9

తీసుకున్నాను. పోయిన వస్తువు వెతుక్కోవడానికి, మా మడి వరకే, గుంతలు పూడ్చేస్తానని రాసి అడిగితే ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చారు. ఇక్కడ నేల ఎవరిదైతే వారి అనుమతి లేకుండా వెతకకూడదు. రక్షిత స్థలాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం. మూడు వందల ఏళ్ళు దాటిన వస్తువులో పదో వంతైనా వెండి బంగారాలుంటే, 1996 నిధుల చట్టం ప్రకారం పద్నాలుగు రోజుల్లో కరోనరుకు (ఇలాంటివి విచారించే అధికారికి) తెలియజేయాలి. మిగతా పాత వస్తువులు చూపించడానికి ప్రతి ప్రాంతంలో ఒక అధికారి ఉంటారు. ఈ నార్ఫోక్ నేలలో ఏటా చాలా దొరుకుతాయి.

నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. మాకు దక్షిణాన సఫోక్‌లో హాక్సన్ అనే ఊరుంది. 1992 నవంబరులో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. ఎరిక్ లాస్ అనే స్నేహితుడు ఆ సుత్తి వెతికిపెట్టడానికి డిటెక్టర్ పట్టుకుని వెళ్ళాడు. దొరికింది రోమన్ల కాలపు నిధి, దాదాపు పదిహేను వేల నాణేలు, వెండి చెంచాలు, బంగారు ఆభరణాలు. నన్ను ఆకట్టుకున్నది అది కాదు. కొంచెం తవ్వగానే ఇది పెద్దదని గ్రహించి ఆయన చేతులు ఆపేసి కబురు చేశాడు. మర్నాడు పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి, అన్నీ పెట్టెలో ఏది ఎక్కడ ఎలా పేర్చి ఉందో చూసి తీశారు. చిల్లర పెట్టె గారు అన్న మూగతనం ఆ నిధికి రాలేదు. సుత్తి కూడా దొరికింది. ఇప్పుడది కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

చిల్లర పెట్టె
మార్చి 9

ఈ కథ ఇంత వివరంగా నాకు తెలియదు. చేతులు ఆపిన ఆ మనిషికి దండం పెట్టాలి.

కాకరపాదు
మార్చి 22

రెండు వారాలైంది. చెప్పుకోవడానికి మంచి కబురు లేదు.

మడి మొత్తం పురికొసలు కట్టి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి అలికాను. మేకులు మరీ ఎక్కువగా ఉన్నాయని యంత్రాన్ని నాణేల పద్ధతిలో పెట్టుకున్నాను. అందులో ఇనుము, రేకుల గడులు మూసేసి ఉంటాయి కాబట్టి ప్రశాంతంగా వెతకవచ్చు. మెట్టె తొమ్మిదో గడి అని ముందే తెలుసు కదా.

దొరికినవి: కంచు పెన్నీలు ఆరు, వాటిలో ఒకటి 1917 నాటిది, అరచేతిలో సగం ఉంది. ఒక ఇత్తడి కొళాయి తల. ఒక గుర్రపు జీను బకిల్‌లా ఉన్నది. సీసం ముద్ద. తుప్పు పట్టిన పెద్ద ఇనుప ముక్క ఒకటి గంటలా మోగి నన్ను జానెడు లోతు తవ్వించింది. ప్రతిసారీ గంట వినగానే గుండె ఆగినంత పనవుతోంది, తీరా తవ్వితే ఇంకేదో. పిన్‌పాయింట్ మీట నొక్కి పట్టి, కూడిక గుర్తులా అటూ ఇటూ జరిపి, సరిగ్గా పైనే తవ్వడం మాత్రం బాగా వచ్చింది. ఇప్పుడు గుంత గుప్పెడంతే.

మెట్టె లేదు. ఇంకో రెండు వారాల్లో నాటాలి.

పాత సాపర్
మార్చి 22

నిరాశపడకమ్మా. వెతికిన చోట లేదని తేలడం కూడా పనే. ఒకటి అడుగుతాను. మీరు మడిలో బూట్లు వేసుకునే తవ్వారా? వేసుకుంటే మెట్టె మట్టిలో పడే అవకాశం లేదు. బూట్లు ఎక్కడ విప్పారు?

తీగచుట్ట
మార్చి 22

సాపర్ గారు అడిగింది చోటు గురించి. నేను అడిగేది గొంతు గురించి. ఆ మెట్టె ఎందుకు జారిపోయింది? కుడి కాలిది ఎందుకు జారలేదు?

కాకరపాదు
మార్చి 23

సాపర్ గారూ, రాత్రంతా ఇదే ఆలోచించాను. రబ్బరు బూట్లు వేసుకునే తవ్వాను. అవి మడి దగ్గరి పాకలో పెట్టి చెప్పులు వేసుకుని ఇంటికి వస్తాను. ఆ రోజు వాన పడి బూట్ల నిండా నీళ్ళు. పాక గుమ్మం దగ్గర నిలబడి బూటుతో పాటు సాక్సు కూడా లాగేశాను, బలవంతంగా. ఆ సాక్సు విదిలించాను కూడా. మడి గురించే ఆలోచించాను గాని పాక గుమ్మం నా తలలోకి రాలేదు.

మాస్టారూ, ఎడమ కాలిది వదులైంది. రెండు నెలల ముందు నుంచే వదులు. కొసలు విచ్చుకున్నాయి, నొక్కించుకోవాలి అనుకుంటూనే ఉన్నాను. కుడి కాలిది బిగువు, కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.

ఇది రాస్తుండగానే అర్థమైంది.

తీగచుట్ట
మార్చి 23

అవును. మీకు పాఠం చెప్పిన మెట్టె మూసి ఉన్న ఉంగరం. పోయినది తెగిన ఉంగరం. వెండి ఒకటే అయినా గొంతు ఒకటి కాదు. అది ఎడమవైపు గడుల్లో ఎక్కడో, సన్నగా పలుకుతుంది. నాణేల పద్ధతిలో ఆ గడులు మూసి ఉన్నాయి. మీరు దాని మీదుగా వెళ్ళి ఉన్నా యంత్రం నోరు విప్పదు. ఈ సంగతి నేను మార్చి 8నే అడగాల్సింది. మీ ప్రయోగంలో రాగి ఉంగరం అదే చెప్పింది, మెట్టెకు అన్వయించడం నాకు తట్టలేదు. మన్నించండి.

కుడి మెట్టె కొసలను బియ్యపు గింజ పట్టేంత విడదీసి, అన్ని లోహాలూ వినే పద్ధతిలో పెట్టి వినండి. కంసాలి మళ్ళీ నొక్కేస్తాడు, భయం లేదు.

కాకరపాదు
మార్చి 23

విడదీశాను. నాలుగో గడి. గంట లేదు. మామూలు గొంతు, అదీ పొట్టిగా, ఎవరో గొంతు సవరించుకున్నట్టు. బెత్తెడు లోతులో వినపడలేదు. రెండు వేళ్ళ లోతులో వినపడింది. ఇరవై సార్లు తిప్పి ఆ శబ్దాన్ని కంఠస్థం చేశాను.

కానీ పాక మొత్తం ఇనుప రేకులు. గుమ్మానికి రెండడుగుల దూరంలోనే యంత్రం గోల మొదలుపెడుతోంది.

తీగచుట్ట
మార్చి 24

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్‌కూ ఇదే ఎదురైంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తుపాకీ గుండు ఎక్కడుందో కనుక్కోవడానికి ఇలాంటి యంత్రమే తయారుచేసి తీసుకెళ్ళాడు. పరుపు కింద ఉన్న ఉక్కు స్ప్రింగులు దాన్ని గందరగోళపరిచాయి. రోగిని మంచం మీంచి కదిలించలేరు. మీరు మాత్రం మట్టిని కదిలించవచ్చు.

ఎర్రనేల
మార్చి 24

మాస్టారు చెప్పినట్టే. మేము గుట్టల్లో ఇలాగే చేస్తాం. యంత్రాన్ని మట్టి దగ్గరికి తీసుకెళ్ళలేకపోతే మట్టిని యంత్రం దగ్గరికి తేవాలి. ఇనుము తగలని ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి మడి మధ్యలో, పాకకు దూరంగా పెట్టుకోండి. గుమ్మం దగ్గర మట్టి పై పొర రెండు వేళ్ళ మందం మాత్రమే తాపీతో గీసి, ఒక్కొక్క గుప్పెడు పళ్ళెంలో పల్చగా పరిచి, కాయిల్‌ను దాదాపు ఆనించి తిప్పండి. సున్నితత్వం తక్కువే చాలు. ఏ గుప్పెడు ఎక్కడిదో గుర్తుండేలా వరుసగా తీయండి. మీ కాళ్ళకు ఉక్కు ముక్కున్న బూట్లు వద్దు.

ఉప్పాడ అల
మార్చి 24

అక్కా, మా ఇంట్లో అందరం ఎదురుచూస్తున్నాం.

కాకరపాదు
మార్చి 29

దొరికింది.

శనివారం పొద్దున్నే మా అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. కేకులు తెచ్చుకున్న ప్లాస్టిక్ మూత పళ్ళెంగా పెట్టాం. వాడు మట్టి మోశాడు, నేను విన్నాను. పాక మేకులు, సీసా మూతలు, విత్తనాల పొట్లాల తళుకు రేకులు, ఒక్కో గుప్పెట్లో ఒకటైనా ఉంది. తళుకు రేకులూ ఆ గడి దగ్గరే పలుకుతాయి కాబట్టి ప్రతిదీ వేలితో కెలికి చూడాల్సిందే. పదకొండు దాటాక గుమ్మానికి ఎడమవైపు, వాన నీళ్ళ పీపా కింద నుంచి తెచ్చిన గుప్పెట్లో ఆ గొంతు సవరింపు వినపడింది. పొట్టిగా. తిప్పాను, మళ్ళీ వచ్చింది. ఎటునుంచి తిప్పినా వచ్చింది. మట్టిని సగం చేసి విన్నాను, మళ్ళీ సగం చేసి విన్నాను. చివరికి అరచేతిలో చిక్కుడు గింజంత మట్టి గడ్డ మిగిలింది. అది చిదిమితే లోపల నల్లగా, వంపు తిరిగి ఉంది. కొసల మధ్య ఒక గడ్డి వేరు దూరి పెరిగింది.

వేరు తీయలేదు. అలాగే చుట్టి ఇంటికి తెచ్చి అమ్మకు వీడియోలో చూపించాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

సాపర్ గారూ, మాస్టారూ, ఎర్రనేల గారూ, మీ ముగ్గురి రుణం ఎలా తీర్చుకోను.

పాత సాపర్
మార్చి 29

చాలా సంతోషం తల్లీ. ఆ పీపా కింద గుంత పూడ్చారు కదా.

కాకరపాదు
మార్చి 29

పూడ్చి తొక్కాను కూడా.

తీగచుట్ట
మార్చి 30

నా కళ్ళు కూడా తడిశాయి. ఒక్క విషయం రాసిపెట్టండి, తర్వాత ఇలాగే వెతికేవాళ్ళకు పనికొస్తుంది. తెర మీద ఏ గడి చూపింది?

కాకరపాదు
మార్చి 30

నాలుగు అనుకున్నాను మాస్టారూ. మూడు చూపింది. కడిగి, వేరు తీసి, మళ్ళీ పెట్టి చూశాను. అప్పుడు కూడా మూడే. కొలిచాం, దాని కొసల మధ్య బియ్యపు గింజలు రెండు పడుతున్నాయి.